ఆ ఒక్క ఫలితం పక్కన పెడితే పీహెచ్‌డీ అయిపోతుందంటున్నారు... ఏం చేయను?

ఈ వారం ఉత్తరం తొమ్మిది పేజీలు. రాసిన అమ్మాయిది పశ్చిమ గోదావరి జిల్లా. పేరు, చదువుతున్న సంస్థ పేరు బయటపెట్టొద్దని కోరారు. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది.

వయసు ముప్ఫై. 2020 చివర్లో వేరే రాష్ట్రంలో వైరాలజీలో పీహెచ్‌డీకి చేరారు. ఈ దారిలోకి రావడానికి కారణం వాళ్ల చెరువు. ఆమె తొమ్మిదో తరగతిలో ఉండగా నాన్నగారి నాలుగెకరాల రొయ్యల చెరువుకు వైట్ స్పాట్ తగిలింది. అప్పట్లో టైగర్ రొయ్య వేసేవారు. సీడ్ (రొయ్య పిల్లలు) వదిలిన యాభై రోజులకు రొయ్యలు గట్టు వారకి రావడం మొదలైంది, వారంలో చెరువంతా పోయింది. చూడడానికి వచ్చిన టెక్నీషియన్ ఒక రొయ్య తల మీది పెంకు ఒలిచి, ఎండకు ఎత్తిపట్టి తెల్లచుక్కలు చూపించి, "ఇది వైరస్ అమ్మా, దీనికి మందు లేదు" అన్నారట. ఆ పెంకు ఇప్పటికీ కళ్ల ముందే ఉందని రాశారు.

ఇప్పుడు ఆమె పని డెంగీ వైరస్ మీద. మన కణంలోని ఒక ప్రోటీన్ లేకపోతే డెంగీ వైరస్ సరిగ్గా పెరగలేదని అదే ల్యాబ్‌లోని సీనియర్ ఒకరు 2019లో పేపర్ వేశారు. ఎస్ఐ-ఆర్ఎన్ఏతో (జన్యువు సందేశాన్ని అణిచేసే చిన్న ఆర్ఎన్ఏ ముక్కతో) ఆ ప్రోటీన్‌ను తగ్గిస్తే, అంటే నాక్‌డౌన్ చేస్తే, వైరస్ పదో వంతుకు పడిపోతోంది. నాలుగేళ్లపాటు ఈమె దాని మీదే పనిచేశారు. నిరుడు, జన్యువులను కత్తిరించే క్రిస్పర్ పద్ధతితో ఆ ప్రోటీన్ జన్యువును పూర్తిగా తీసేసిన నాకౌట్ కణాలు తయారుచేశారు, రెండు క్లోన్లు (ఒక్కో కణం నుంచి పెంచిన గుంపులు). వాటిలో వైరస్ మామూలుగానే పెరిగింది. మూడుసార్లు చేశారు, మూడుసార్లూ అంతే. గైడ్‌కు చూపిస్తే, "క్లోన్ బాగోలేదేమో. ఈ పేపర్‌లో నాకౌట్ సంగతి వద్దు. నాక్‌డౌన్ డేటాతో రాసేద్దాం, నీకూ డిగ్రీ వచ్చేస్తుంది" అన్నారు.

ఫెలోషిప్ అయిదేళ్లూ అయిపోయి ఏడు నెలలైంది. నెలకు 42,000 వచ్చే చోట ఇప్పుడు నాన్నగారు పంపే పదిహేను వేలే. అమ్మ సంబంధాలు చూస్తున్నారు, వచ్చినవాళ్లు "ఇంకా చదువుతోందా?" అని అడుగుతున్నారు. బాబాయిగారికి భీమవరంలో రొయ్య సీడ్ పరీక్షించే పీసీఆర్ ల్యాబ్ ఉంది, వచ్చి చూసుకోమంటున్నారు. హైదరాబాద్‌లో ఒక వ్యాక్సిన్ కంపెనీ క్వాలిటీ కంట్రోల్ విభాగంలో ఖాళీ ఉందని స్నేహితురాలు చెప్పింది. పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన) కోసం అడిగితే, జర్మనీలో ఒక ప్రొఫెసర్ ముందు పేపర్ రానివ్వమన్నారు. చివర్లో మూడు ప్రశ్నలు. సార్ చెప్పినట్టు రాసేసి బయటపడనా? అన్నీ వదిలేసి ఇంటికి వచ్చేయనా? ఈ ఆరేళ్లూ వృథా అయినట్టేనా?

* * *

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి చదివినప్పుడు నాకు కనబడినవి డబ్బు, పెళ్లి, నాన్నగారి మీద భారం. రెండోసారి ఏడో పేజీ దగ్గర ఆగిపోయాను. నాకౌట్ కణాల గురించి మీరు రాసింది మొత్తం ఆరు లైన్లు. మిగతా ఎనిమిది పేజీల్లో కొట్టివేతలు లేవు. ఆ ఆరు లైన్లలో మూడు చోట్ల కొట్టేసి మళ్లీ రాశారు. మీకు నిద్ర పట్టకుండా చేస్తున్నది అదే అనుకుంటున్నాను. అందుకే పెళ్లి సంగతి, ఉద్యోగం సంగతి కాసేపు పక్కన పెట్టి అక్కణ్ణుంచే మొదలుపెడతాను. నేను ముప్ఫై ఏళ్లు వైరస్‌లతో పనిచేసినదాన్ని కాబట్టి ఈ భాగం కొంచెం పొడవే అవుతుంది.

డెంగీ వైరస్ జన్యుపదార్థం పదివేల ఏడువందల అక్షరాలకు అటూ ఇటూ ఉంటుంది. దానితో అది తయారుచేసుకోగలిగేది పది ప్రోటీన్లే. మిగతా పనంతా మన కణం సామాన్లతోనే చేసుకోవాలి. కాబట్టి మీ ల్యాబ్ అడిగిన ప్రశ్న సరైనదే, మన కణంలో దేని మీద అది ఆధారపడుతోందన్నది తేలాల్సిందే. ఎస్ఐ-ఆర్ఎన్ఏతో తగ్గిస్తే ఒక జవాబు, జన్యువునే తీసేస్తే ఇంకో జవాబు వచ్చాయి. ఇలా జరగడానికి నాకు తెలిసిన కారణాలు ప్రధానంగా మూడు.

ఒకటి, ఎస్ఐ-ఆర్ఎన్ఏ గురి తప్పడం. అది ఇరవై చిల్లర అక్షరాల చిన్న ముక్క. అందులో మొదటి ఏడెనిమిది అక్షరాలు కలిస్తే చాలు, మనం అనుకోని వేరే జన్యువుల సందేశాలను కూడా అది అణిచేయగలదు. అంటే వైరస్‌ను పడగొట్టింది మీ ప్రోటీన్ తగ్గడం కాకుండా మరేదో తగ్గడం కావచ్చు. రెండోది, కణం సర్దుకోవడం. నాకౌట్ క్లోన్ ఎదిగి రావడానికి వారాలు పడుతుంది. ఆ వారాల్లో పోయిన ప్రోటీన్ పనిని దాని చుట్టం లాంటి ఇంకో ప్రోటీన్ అందుకోవచ్చు. అప్పుడు నాక్‌డౌన్ ఫలితమే నిజం, నాకౌట్ మనల్ని మభ్యపెడుతున్నట్టు. మూడోది, జన్యువు పూర్తిగా పోకపోవడం. కత్తిరించిన చోటును దాటేసి కణం ఒక పొట్టి ప్రోటీన్ తయారుచేసుకుంటూ ఉండొచ్చు, ప్రోటీన్‌ను పట్టుకోవడానికి మీరు వాడే యాంటీబాడీ గుర్తించే భాగం అందులో లేకపోవచ్చు. ప్రోటీన్ రెండో చివరను పట్టుకునే యాంటీబాడీతో వెస్టర్న్ బ్లాట్ (ప్రోటీన్ ఉందో లేదో చూపే పరీక్ష) చేస్తే ఇది తేలుతుంది. "క్లోన్ బాగోలేదేమో" అన్న మీ గైడ్ మాట కొట్టిపారేయాల్సింది కాదు. అయితే అది పరీక్ష చేసి చెప్పాల్సిన మాట.

మీరు చేయని ప్రయోగం ఒకటుంది. మీ సీనియర్ వాడిన ఆ ఎస్ఐ-ఆర్ఎన్ఏనే తీసుకుని మీ నాకౌట్ కణాల్లో వేయండి. ఆ కణాల్లో దానికి గురి అన్నదే లేదు. అయినా వైరస్ పడిపోయిందంటే, ఎస్ఐ-ఆర్ఎన్ఏ ఇంకెవరినో కొడుతోందన్నమాట. పడిపోలేదంటే నాక్‌డౌన్ ఫలితానికి బలం వచ్చినట్టు, కణం ఎలా సర్దుకుందన్నది మీ తర్వాతి ప్రశ్న అవుతుంది. కణాలు సిద్ధంగా ఉన్నాయి, ఆ ట్యూబు మీ ఫ్రీజర్‌లోనే ఉంటుంది. ప్లాక్ అస్సేకు (వైరస్ చంపిన కణాల మచ్చలను, అంటే ప్లాకులను, లెక్కపెట్టే పరీక్షకు) అయిదారు రోజులు వేసుకున్నా, మూడుసార్లు చేయడానికి నెలన్నర చాలు. దానితోపాటు, ఎస్ఐ-ఆర్ఎన్ఏ గుర్తుపట్టలేకుండా అక్షరాలు మార్చిన అదే జన్యువును మామూలు కణాల్లో మళ్లీ పెట్టి, నాక్‌డౌన్ చేసినా వైరస్ కోలుకుంటోందా అని చూడండి. దీనికి క్లోనింగ్ కావాలి కాబట్టి ఇంకో రెండు నెలలు. ఇవి రెండూ ఉంటే మీ థీసిస్‌ను ఏ ఎగ్జామినరూ కదపలేడు, జవాబు ఎటు వచ్చినా సరే.

ఇంకొకటి, ఇది ముందు చేయండి. మీ కణాలకు మైకోప్లాస్మా పరీక్ష. మీరు చేసే ఉంటారు, అయినా సీనియర్ కాలం నాటి పాత వయల్స్‌తో (ఫ్రీజ్ చేసి దాచిన కణాల సీసాలతో) కలిపి మళ్లీ చేయండి. నేను పరిశోధనలో చేరిన నాలుగో ఏట ఒక ఫలితం వచ్చింది. ల్యాబ్ అంతా స్వీట్లు పంచుకున్నాం. ఎనిమిది నెలల తర్వాత ఒక సాయంత్రం వేరే పనికోసం కణాలకు డీఎన్ఏ రంగు వేసి మైక్రోస్కోప్ కింద పెట్టాను. నీలంగా కణ కేంద్రకాలు మాత్రమే కనబడాలి. వాటి చుట్టూ పంచదార చల్లినట్టు సన్నని చుక్కలు. మైకోప్లాస్మా అంటే గోడ లేని బుల్లి బ్యాక్టీరియా. మీడియం (కణాలు పెరిగే ద్రవం) మబ్బుపట్టదు, పెన్సిలిన్‌కు లొంగదు, మామూలు మైక్రోస్కోప్‌లో కనబడదు. నా ఫలితం వైరస్‌ది కాదు, ఆ చుక్కలది. ఆ రాత్రి ఫ్లాస్కులన్నీ ఆటోక్లేవ్‌లో (ఆవిరితో క్రిములను చంపే యంత్రంలో) పెట్టి మూత బిగించి అక్కడే కూర్చున్నాను. మా గైడ్‌కు చెప్పడానికి మూడు రోజులు పట్టింది. కాబట్టి మీరు ఏ స్థితిలో ఉన్నారో నాకు పుస్తకాల్లో చదివి తెలిసింది కాదు.

ఇప్పుడు మీ గైడ్ గురించి. ఆయన మిమ్మల్ని మోసం చేయమంటున్నారన్నట్టు మీ స్నేహితులు మాట్లాడుతున్నారని రాశారు. నాకు కొంచెం వేరుగా కనబడుతోంది. 2019 పేపర్ ఆయన పేరు మీద ఉంది. దాని ఆధారంగా గ్రాంటు కూడా వచ్చి ఉండొచ్చు. మీ నాకౌట్ నిజమైతే ఆయన భయం మీ థీసిస్ గురించి కాదు, ఆ పాత పేపర్ గురించి. భయంలో ఉన్న మనిషి దగ్గరకు "మీరు తప్పు చేస్తున్నారు" అంటూ వెళితే ఆయన తలుపు వేసుకుంటారు. ఒక్క కాగితం మీద నాకౌట్ ఫలితం, దానికి ఉన్న మూడు కారణాలు, ఏది నిజమో తేల్చే రెండు ప్రయోగాలు, పట్టే సమయం రాసి తీసుకెళ్లండి. "సార్, ఈ రోజుల్లో ఏ రివ్యూయర్ అయినా నాకౌట్ అడుగుతాడు. వాళ్లు అడిగి, లేదని చెప్పి, తర్వాత ఇంకో ల్యాబ్ వాళ్లు చేసి వేస్తే మన పరిస్థితి ఏంటి? నాలుగు నెలలు టైమ్ ఇవ్వండి, మనమే తేలుద్దాం" అనండి. ఇది ఆయన్ను ఒప్పించడానికి చెప్పే అబద్ధం కాదు, జరిగేదే అది. మాట్లాడి వచ్చాక అదే విషయం మర్యాదగా ఒక మెయిల్‌లో పెట్టండి. "ఇవాళ మీరు చెప్పిన ప్రకారం" అని మొదలుపెడితే చాలు. మీ నోట్‌బుక్‌లో తేదీలతో అన్నీ ఉండాలి, బ్లాట్‌ల అసలు ఫైళ్లు ఎక్కడున్నాయో రాసి ఉండాలి.

తమ పేపర్‌నే తాము తిరగదోడుకున్నవాళ్లు మన రంగంలో ఉన్నారు. ఎక్స్ఎంఆర్‌వీ కథ మీరు కోర్సులో వినే ఉంటారు. 2006లో ప్రోస్టేట్ క్యాన్సర్ కణజాలంలో కొత్త రెట్రోవైరస్ దొరికిందని పేపర్ వచ్చింది. 2009లో ఇంకో బృందం అదే వైరస్ దీర్ఘకాలిక అలసట రోగుల రక్తంలో ఉందని 'సైన్స్' పత్రికలో వేసింది. కొన్ని దేశాల్లో ఆ రోగులను రక్తదానం చేయొద్దన్నారు. తీరా చూస్తే ఆ వైరస్ 1990లలో, మనిషి కణితిని ఎలుకల్లో పెంచుతున్నప్పుడు ల్యాబ్‌లోనే పుట్టింది, అక్కణ్ణుంచి నమూనాల్లోకి పాకింది. 2009 పేపర్‌ను పత్రికే 2011లో వెనక్కి తీసుకుంది. మొదటి పేపర్ వేసినవాళ్లలో కొందరు మాత్రం తమ పాత నమూనాలను తామే బయటికి తీసి మళ్లీ పరీక్షించారు, అది కలుషితమేనని 2012లో తామే రాశారు. ఆ 2006 పేపరూ వెనక్కి వెళ్లింది, కానీ వాళ్ల పరిశోధన ఆగిపోలేదు. మీ గైడ్‌తో మాట సాగితే ఈ సంగతి ఎత్తండి. పెద్దవాళ్లకు ఉపదేశం నచ్చదు, ఉదాహరణ నచ్చుతుంది.

సరే, ఆయన ఒప్పుకోలేదనుకుందాం. అప్పుడు మీ ముందున్న దారులు, వాటి వెంట వచ్చేవి చెబుతాను.

ఆయన చెప్పినట్టు నాక్‌డౌన్ మాత్రమే పెట్టి రాస్తే ఆరేడు నెలల్లో పేపర్, ఏడాదిలోపు డిగ్రీ రావచ్చు. దాన్ని తేలిగ్గా తీసిపారేయను, మీ ఇంట్లో ఏడాది అంటే ఎంతో నాకు తెలుసు. కానీ మొదటి రచయిత మీరే. క్రిస్పర్ ఇవాళ ఎమ్మెస్సీ పిల్లలు కూడా చేస్తున్నారు. ఎవరో ఒకరు ఆ జన్యువును తీసి చూస్తారు, నిజానిజాలు రెండేళ్లలో తేలొచ్చు. అప్పుడు మీ నోట్‌బుక్‌లో నాకౌట్ ఫలితం మూడుసార్లు రాసి ఉంటుంది. తెలియక రాసిన పేపర్ తప్పని తేలితే ఎవరూ ఏమీ అనరు. తెలిసి పక్కన పెట్టినదానికి జవాబు చెప్పుకోవాల్సింది మీరే, ఆ రోజు గైడ్ మీ పక్కన నిలబడతారన్న నమ్మకం లేదు. దీనికన్నా నాకు బెంగగా ఉన్నది ఇంకోటి. జర్మనీ వెళ్లినా అక్కడ ఇదే ప్రోటీన్ మీద పనిచేయాల్సి వస్తుంది. నిజం కాదేమో అన్న అనుమానం మీద ఇంకో మూడేళ్లు కట్టుకోగలరా?

రెండో దారి, రెండు ఫలితాలనూ పక్కపక్కన పెట్టి రాయడం. "ఎస్ఐ-ఆర్ఎన్ఏతో ఇలా, నాకౌట్‌తో ఇలా, తేడాకు కారణం ఇది." పెద్ద పత్రిక తీసుకోదు. కానీ ఫలితం ఎంత గొప్పదని కాకుండా పని ఎంత సరిగ్గా చేశారని చూసే పత్రికలున్నాయి, ప్లాస్ వన్ అలాంటిదే. ముందుగా బయోఆర్కైవ్ వెబ్‌సైట్‌లో ప్రీప్రింట్‌గా (పత్రికలో రాకముందే అందరూ చదివేలా) పెట్టొచ్చు, దానికీ గైడ్ సమ్మతి కావాలి. ఇక్కడ నియమాల సంగతి ఒకటి చూసుకోండి. మీరు చేరింది 2020లో కాబట్టి మీకు వర్తించేది యూజీసీ 2016 నిబంధనలు. వాటి ప్రకారం థీసిస్ ఇచ్చేముందు రిఫరీడ్ పత్రికలో (ఇతర నిపుణులు పరిశీలించాకే వేసే పత్రికలో) ఒక పేపర్ ఉండాలి, కాన్ఫరెన్స్‌లలో రెండుసార్లు సమర్పించి ఉండాలి. 2022 నవంబరు తర్వాత చేరినవాళ్లకు యూజీసీ ఆ షరతు తీసేసింది. అంటే మీకు కావాల్సింది ఒక పేపర్, అంతే. అది 'నేచర్'లో రావాలని ఎవరూ రాయలేదు. గడువు ఆరేళ్లు, ఆడవాళ్లకు మరో రెండేళ్ల సడలింపు ఉంది. మీ యూనివర్సిటీ సొంత నియమాలు ఏమైనా ఉన్నాయేమో అకడమిక్ సెక్షన్‌లో కాగితం మీద చూపించమని అడగండి. కారిడార్లో విన్నవి నమ్మొద్దు. గడువు అయిపోతోందని సగం టెన్షన్ మీరు ఊరికే పడుతున్నారని నా అనుమానం.

మూడోది, విషయాన్ని అడ్వైజరీ కమిటీ ముందు పెట్టడం. ఆరు నెలలకోసారి మీరు వాళ్ల ముందు ప్రెజెంటేషన్ ఇవ్వాలి. తర్వాతి సమావేశంలో నాకౌట్ స్లైడ్ పెట్టండి. ఫిర్యాదుగా కాదు, ఫలితంగా. ఒక్కసారి ఆ స్లైడ్ నలుగురి ముందుకు వచ్చాక దాన్ని దాచమని ఎవరూ అనలేరు. గైడ్‌కు ముందే చెప్పి పెట్టండి, అక్కడ ఆయన ఉలిక్కిపడేలా చేయొద్దు. దీనికీ మూల్యం ఉంది. ఆయన కొంతకాలం ముభావంగా ఉంటారు, సిఫార్సు ఉత్తరం చప్పగా రావచ్చు. అందుకే కమిటీలో మీ పని తెలిసిన ఇంకొకరితో ఇప్పట్నుంచే పరిచయం పెంచుకోండి, ఆ ఉత్తరం వాళ్లు రాస్తారు.

నాలుగోది వదిలేసి రావడం. అది తప్పేమీ కాదు. రాత్రిళ్లు ఊపిరి ఆడనట్టు ఉంటోందని రాశారు, మూడు నెలల నుంచి ఏడుపు ఆగడం లేదన్నారు. ముందు డాక్టర్ దగ్గరకు వెళ్లండి, ఈ వారమే. అవి చదువు సమస్యలని అనుకుని ఓర్చుకోవద్దు. డాక్టర్ సెలవు తీసుకోమంటే తీసుకోండి, రిజిస్ట్రేషన్ ఎక్కడికీ పోదు. అప్పటికీ వెళ్లిపోవాలనిపిస్తే వెళ్లండి. నాకున్న ఆశ ఒక్కటే, ఆ ఎస్ఐ-ఆర్ఎన్ఏని నాకౌట్ కణాల్లో వేసి చూశాక వెళ్లాలని. ఆ జవాబు తెలియకుండా వచ్చేస్తే, చెరువు గట్టు మీద నిలబడినా మీరు దాని గురించే ఆలోచిస్తారు.

డబ్బు విషయం. నాన్నగారి దగ్గర తీసుకోవడం సిగ్గుగా ఉందన్నారు. మీ గైడ్ గ్రాంటులో ప్రాజెక్ట్ అసోసియేట్ పోస్టు ఖాళీ ఉందేమో అడిగారా? ఉత్తరంలో ఆ మాట లేదు. అదే కాగితంలో చివరి లైన్‌గా రాయండి, "ఈ నాలుగు నెలలకు ఏదైనా ప్రాజెక్ట్ నుంచి జీతం ఇప్పించగలరా" అని. అడిగితే కాదనొచ్చు. అడగకపోతే ఇచ్చే అవకాశమే లేదు.

ఇక భీమవరం, హైదరాబాద్, జర్మనీ. బాబాయిగారి ల్యాబ్ గురించి రాసినప్పుడు మీరు "చివరికి అక్కడికే చేరతానేమో" అన్నారు. ఆ మాట నాకు నచ్చలేదు. మీ నాన్నగారి చెరువును తుడిచిపెట్టిన వైరస్‌కు ఇవాళ్టికీ మందు లేదు. దాని జన్యుపదార్థం మూడు లక్షల అక్షరాలు, మీ డెంగీకి ముప్ఫై రెట్లు. రైతు చేతిలో ఉన్నదల్లా పరీక్ష చేసిన సీడ్ వేయడం, పీతలు రాకుండా చెరువు చుట్టూ వల కట్టడం, నీళ్లు బ్లీచింగ్ చేసి పెట్టుకోవడం. అంటే ఆ పీసీఆర్ రిపోర్టు మీద ఒక కుటుంబం ఏడాది నడుస్తుంది. ఆ పని మీలాంటి చేతుల్లో ఉండడం చిన్న విషయం కాదు. అయితే అక్కడ ఏం ఎదురవుతుందో కూడా తెలిసి వెళ్లండి. సీడ్ అమ్మేవాడే పరీక్షకు డబ్బు కట్టే చోట, వైరస్ ఉందని చూపే గీత (బ్యాండ్) కనబడినా, "బ్యాండ్ చాలా లేతగా ఉంది కదా మేడమ్, నెగటివ్ ఇచ్చేయండి" అనేవాళ్లు ఉంటారు. బాబాయిగారు బంధువు కాబట్టి కాదనడం ఇంకా కష్టం. రిపోర్టు మీద సంతకం ఎవరిది, ఆయన అడిగినా మార్చకూడదన్న మాట ముందే అనుకోగలరా అన్నది చేరే ముందు తేల్చుకోండి. ఇవాళ మీ గైడ్ గదిలో నేర్చుకునేదే అక్కడా పనికొస్తుంది.

వ్యాక్సిన్ కంపెనీలో జీతం నెలనెలా వస్తుంది, పీఎఫ్ ఉంటుంది. పని మాత్రం ఒకే పరీక్షను ఒకే పద్ధతిలో, బ్యాచ్ తర్వాత బ్యాచ్ చేయడం. ప్రతి గీతకూ సంతకం, ప్రతి కొట్టివేతకూ కారణం. కొత్త ప్రశ్నలు అడిగే స్వేచ్ఛ కొన్నేళ్లు ఉండదు. కొందరికి అది ఉక్కపోత, కొందరికి ప్రశాంతత. పసిపిల్లల విరేచనాలకు కారణమయ్యే రోటావైరస్ మీది వ్యాక్సిన్, రోటావాక్ సంగతి తీసుకోండి. 1980లలో ఢిల్లీలో పసిపిల్లల్లో దొరికిన వైరస్ రకం 2015లో హైదరాబాద్ నుంచి వ్యాక్సిన్‌గా బయటికొచ్చింది. మధ్యలోని మూడు దశాబ్దాల్లో ఎక్కువ భాగం ఇలాంటి పనే. డిగ్రీ చేతికొచ్చాక చేరితే హోదా, జీతం రెండూ మారతాయి కాబట్టి, తొందరపడి ఇప్పుడే చేరేముందు స్నేహితురాలి ద్వారా ఆ తేడా ఎంతో కనుక్కోండి.

జర్మనీ ప్రొఫెసర్‌కు మీరే ఇంకో మెయిల్ రాయొచ్చు. గైడ్‌కు చెప్పి, నాకౌట్ తేడా సంగతి నాలుగు వాక్యాల్లో రాయండి, తేల్చడానికి ఏం చేస్తున్నారో రాయండి. నేను పోస్ట్‌డాక్‌లను తీసుకున్న రోజుల్లో అలాంటి మెయిల్ వస్తే మిగతావన్నీ పక్కన పెట్టి అది చదివేదాన్ని. వయసు దాటిపోతోందన్న భయంలో కొంత నిజముంది. కేంద్ర పరిశోధనా మండలి సీఎస్ఐఆర్‌లో సైంటిస్ట్ పోస్టుకు సాధారణంగా 32 ఏళ్ల పరిమితి, రిజర్వేషన్ ఉన్నవాళ్లకు సడలింపు. ఆ ఒక్క తలుపే అన్నట్టు మాత్రం లెక్కేసుకోవద్దు. పోస్ట్‌డాక్ చేసి వచ్చినవాళ్లు యూనివర్సిటీల్లో చేరుతున్నారు, మధ్యలో ఆగిపోయిన మహిళల కోసం కేంద్ర శాస్త్ర సాంకేతిక, బయోటెక్నాలజీ విభాగాల (డీఎస్‌టీ, డీబీటీ) పథకాలు ఉన్నాయి.

పెళ్లి గురించి నేను చెప్పగలిగింది కొంచెమే. చూడడానికి వచ్చినవాళ్లు "ఇంకా చదువుతోందా?" అంటే అమ్మగారు తడబడుతున్నారన్నారు. మీరేం చేస్తున్నారో అమ్మగారికి ఎప్పుడైనా కూర్చోబెట్టి చెప్పారా? డెంగీ వచ్చినవాళ్లు మీ ఊళ్లోనూ ఉంటారు. "మా అమ్మాయి డెంగీ వైరస్ మీద పనిచేస్తోంది" అని ఆవిడ అనగలిగితే ఆ గదిలో మాట వేరుగా నడుస్తుంది. చేసుకోవాలా, ఎప్పుడు, ఎవరిని అన్నది మీ ఇష్టం. థీసిస్ నుంచి తప్పించుకోవడానికి మాత్రం ఒప్పుకోకండి, సంబంధం నచ్చితే థీసిస్ కోసం కాదనకండి.

మీ మూడో ప్రశ్న మిగిలింది, వృథా అయిందా అని. 2003 జూన్ నుంచి ఆగస్టు దాకా అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, కరీంనగర్, వరంగల్ వైపు పిల్లలకు ఉన్నట్టుండి జ్వరం, ఫిట్స్, ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోవడం మీకు గుర్తుండదు, చిన్నపిల్ల మీరు. 329 మంది పిల్లలు జబ్బుపడితే 183 మంది చనిపోయారు. జపనీస్ ఎన్సెఫలైటిస్ (దోమల వల్ల వచ్చే మెదడువాపు) అనుకున్నారు, కాదు. పుణె నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వైరాలజీలో నమూనాలు చూస్తే తుపాకీ గుండు ఆకారంలో వైరస్ కణాలు కనబడ్డాయి. అది చండీపుర వైరస్ అని తేల్చగలిగారంటే, 1965లో నాగపూర్ దగ్గర చండీపుర అనే ఊళ్లో జ్వరం వచ్చిన ఇద్దరి రక్తంలోంచి ఎవరో దాన్ని వేరుచేసి, పేరు పెట్టి, లక్షణాలు రాసి, దాచి ఉంచారు కాబట్టి. ముప్ఫై ఎనిమిదేళ్లు ఆ వైరస్‌కు పెద్ద పనేమీ లేదు. ఆ రోజుల్లో వాళ్లనూ ఎవరైనా దీనివల్ల ఉపయోగమేంటని అడిగే ఉంటారు. వాళ్లు ట్యూబు మీద లేబుల్ సరిగ్గా రాశారు, అందుకే 2003లో పోల్చి చూసుకోవడానికి ఒకటి దొరికింది.

మీ రెండు నాకౌట్ క్లోన్లు అలాంటివే. ఆ ప్రోటీన్ మీద పనిచేసే తర్వాతి అమ్మాయి ఎవరో, ఏ ఊరిదో మనకు తెలియదు. మీరు ఆ ఫలితం రాస్తే ఆమెకు నాలుగేళ్లు మిగులుతాయి. రెండు క్లోన్లనూ ఇవాళే మూడేసి వయల్స్ ఫ్రీజ్ చేసి, లేబుల్ మీద తేదీ, పాసేజ్ నంబరు (కణాలను ఎన్నోసారి మార్చి పెంచారో) రాసి, ఒక సెట్ వేరే ట్యాంకులో పెట్టండి. మైకోప్లాస్మా పరీక్ష సోమవారం పెట్టుకోండి. గైడ్ దగ్గరకు ఆ రిపోర్టు వచ్చాకే వెళ్లండి, చేతిలో ఆ ఒక్క కాగితంతో.

ఎస్ఐ-ఆర్ఎన్ఏ వేసిన నాకౌట్ ప్లేటు రంగు వేసి కడిగాక ఎన్ని ప్లాకులు వచ్చాయో నాకు రాయండి. నాన్నగారు ఈసారి సీడ్ ఎప్పుడు వేస్తున్నారో కూడా.